గేజీ లేని చోట

మండే మంచును నేను మొదటిసారి చూసేసరికి ఉద్యోగంలో చేరి చాలా ఏళ్లయింది. సోడా బండి దగ్గర పగలగొట్టిన ఐసు ముక్కలా తెల్లగా ఉంది. అగ్గిపుల్ల గీసి దగ్గర పెడితే నీలం మంట లేచింది. పైన మంట, కింద కారుతున్న నీళ్లు. పక్కనే నిలబడ్డ మా ఫిట్టరు భాయ్ రెండడుగులు వెనక్కు వేసి, "మేడం, ఇది ఐసా, గ్యాసా?" అన్నాడు.

రెండూ, అన్నాను. దాని పేరు హైడ్రేట్. బాగా చల్లబరిచిన నీటి మీద ఒత్తిడితో గ్యాసును తోస్తే, నీటి అణువులు చిన్న చిన్న పంజరాలు కట్టి గ్యాసును లోపల బంధిస్తాయి. చూడ్డానికి మంచే. పట్టుకుంటే మంచే. కడుపులో మాత్రం గ్యాసు.

కొత్తగా ప్రయోగశాలల్లో, ప్లాంట్లలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను పిలిచి మాట్లాడమంటారు. మీ సర్వీసులో పెద్ద విజయం ఏది మేడం అని అడుగుతారు. నేను ఒక మే నెల రోజు గురించి చెబుతాను. అది విజయమో కాదో మీరే తేల్చుకోండి. నాకింకా తేలలేదు.

సికింద్రాబాదులో మా ప్రయోగశాల వెనక భాగంలో రెండు రేకుల షెడ్లు ఉండేవి. బోయిన్‌పల్లి మార్కెట్టు నుంచి కుళ్లిన టమాటాలు, క్యాబేజీ ఆకులు ఆటో ట్రాలీలో వచ్చేవి. వాటిని ఒక తొట్టిలో మురగబెడితే గ్యాసు పుట్టేది. అందులో మండే మీథేను సగానికి కొంచెం ఎక్కువ. మిగిలినదంతా ఎందుకూ పనికిరాని బొగ్గుపులుసు వాయువు. ఈ రెండింటినీ విడదీయడానికి చాలా పద్ధతులున్నాయి. మా ప్రాజెక్టును నడిపే సారు మాత్రం హైడ్రేట్ పద్ధతి ఎంచుకున్నారు.

నేను లాలాగూడలో ఉంటాను కాబట్టి దాన్ని నాకు తెలిసిన భాషలో చెబుతాను. లోకల్ రైలు వచ్చి ఆగినప్పుడు తోసుకుని ఎక్కి సీటు పట్టేసేవాళ్లు కొందరుంటారు, ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోయేవాళ్లు కొందరుంటారు. నీటి పంజరాల్లోకి బొగ్గుపులుసు వాయువు అలా తోసుకుని ఎక్కేస్తుంది. మీథేను ఎక్కువగా బయటే మిగిలిపోతుంది. ఆ మీథేనును పైనుంచి తీసుకోవాలి. పంజరాలతో నిండిన ఆ మంచు ముద్దను మాత్రం పైపులో రెండో షెడ్డుకు పంపి, అక్కడ కరిగించి, పనికిరాని వాయువును వదిలేసి, నీళ్లను మళ్లీ వాడుకోవాలి. కాగితం మీద ఎంతో అందమైన పద్ధతి.

చిక్కల్లా ఒక్కటే. హైడ్రేట్ మనం కట్టమన్న చోటే కట్టదు. పిలవని పేరంటానికి వచ్చినట్టు పైపు వంపుల్లో, వాల్వు గొంతుల్లో కూడా వచ్చి కూర్చుంటుంది.

ఆ ప్రాజెక్టు మీద ముగ్గురి బతుకులు ఆధారపడి ఉండేవి. సారు రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. పెద్ద ప్లాంటు మంజూరైతే, దాన్ని చూసి వెళ్లిపోవాలని ఆయన కోరిక. ఒక రిసర్చ్ అమ్మాయి ఉండేది. పెళ్లి వాయిదా వేసుకుని మరీ ఆ యంత్రం చుట్టూ తిరిగింది, థీసిస్ అంతా దాని మీదే. మూడోవాడు భాయ్. వాళ్ల కుటుంబానికి రెజిమెంటల్ బజార్‌లో తాతలనాటి లేత్ మిషను దుకాణం ఉంది. తమ్ముడు దాన్ని చూసుకుంటుంటే, ఈయన మా దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఆయన ఉద్యోగం. నాకు అలాంటి బెంగ లేదు. నాది పర్మినెంటు ఉద్యోగం. ఒత్తిడితో పనిచేసే పాత్రలు, పైపుల భద్రత నా బాధ్యత. ఈ తేడా ఆ రోజు దాకా మా మధ్య ఎప్పుడూ మాటల్లోకి రాలేదు.

ఆ రోజు కమిటీ వస్తోంది. ఢిల్లీ నుంచి ఇద్దరు, మన ఊరివాళ్లు ఇద్దరు. మధ్యాహ్నం భోజనాల తర్వాత వచ్చి యంత్రం నడవడం చూస్తారు, సాయంత్రం తమ మాట చెబుతారు. షెడ్ల మధ్య ఖాళీ జాగాలో షామియానా వేశారు. క్యాంటీన్‌లో మిరపకాయ బజ్జీలకు పిండి కలుపుతున్నారు. రెండు షెడ్లనూ కలిపే పైపు మీద పాత తొడుగు చినిగి, దూది బయటికి వచ్చి అసహ్యంగా ఉందని ముందు రోజే తీసేయించారు. మెరిసే కొత్త రేకు తొడుగు పొద్దున్నే రావాలి. రాలేదు. ఫోన్ చేస్తే "దారిలో ఉన్న సార్" అంటున్నాడు సప్లయరు. అలా ఆ పైపు, మంచు ముద్ద ప్రవహించే పైపు, మే నెల ఎండలో ఒంటి మీద గుడ్డ లేకుండా పడి ఉంది. దాని పర్యవసానం మాకెవరికీ తోచలేదు. అందరి కళ్లూ గేటు వైపే ఉన్నాయి.

యంత్రాన్ని ఉదయమే షురూ చేశాం. కాసేపు బ్రహ్మాండంగా నడిచింది. పైనుంచి వచ్చే మీథేను శుభ్రంగా ఉందని రిసర్చ్ అమ్మాయి సంబరపడింది. ఆ తర్వాత మొదటి షెడ్డులో ఒత్తిడి చూపే గేజీ ముల్లు మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది. రెండో షెడ్డులో ముల్లు పడిపోయి సున్నా దగ్గర ఆగింది. పైపు మూసుకుపోయింది.

కంప్రెసర్ ఆపించాను. లారీ టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఎన్నో రెట్ల ఒత్తిడి ఆ పైపులో ఉంది. నేను షెడ్డులోంచి బయటికి వచ్చేసరికే భాయ్ పానా తీసుకుని కాలువలోకి దిగిపోయాడు. రెండో షెడ్డుకు కొంచెం ముందు, నడుం లోతు సిమెంటు కాలువలోకి పైపు వంగి దిగుతుంది. ఆ వంపు దగ్గరే బోల్టులతో బిగించిన జోడింపు ఉంది. అది విప్పితే లోపల అడ్డం పడ్డ హైడ్రేట్ గడ్డను పొడిచి తీసేయొచ్చు.

"అవతల గేజీ సున్నా ఉంది మేడం, ఖాళీ పైపే," అన్నాడు బోల్టుకు పానా తగిలిస్తూ. "విప్పి, నాలుగు పోట్లు పొడిస్తే అయిపాయె. వాళ్ల భోజనాలు గాకముందే మిషన్ చాలు అయితది."

నేను అలవాటు ప్రకారం పైపు మీద చెయ్యి వేసుకుంటూ నడిచాను. మొదటి షెడ్డు నీడలో పైపు చల్లగా ఉంది, చెమటలా నీటి బొట్లు కారుతున్నాయి. జాగా మధ్యకు వచ్చేసరికి చెయ్యి చురుక్కుమంది. చుక్క తడి లేదు. ఎండలో పెట్టిన ఇనుప కుర్చీలా కాలిపోతోంది. కాలువ నీడలోకి దిగే చోట మళ్లీ చల్లదనం, మళ్లీ బొట్లు.

అక్కడే ఆగిపోయాను.

పైపులో గడ్డ ఒక్కటి కాదు. రెండు. ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి. వాటి మధ్య ఉన్న హైడ్రేట్‌ను ఎండ కరిగిస్తోంది. కరిగిన కొద్దీ అది దాచుకున్న గ్యాసునంతా వదులుతోంది. పోవడానికి దారి లేదు. రెండు బిరడాల మధ్య సీసాలా ఆ ఇనుప పైపు ఉబ్బుతోంది. లోపల ఒత్తిడి ఎంతో చెప్పడానికి అక్కడ గేజీ లేదు. అవతలి గేజీ సున్నా చూపించడం అబద్ధం కాదు. అది గడ్డకు అవతల సంగతి చెబుతోంది. భాయ్ ముఖం గడ్డకు ఎదురుగా ఉంది.

"భాయ్, బయటికి రా."

"ఒక్క బోల్టు మేడం."

"ముందు బయటికి రా. తర్వాత మాట్లాడుదాం."

ఆయన తలెత్తలేదు. పానా మీద బరువు వేశాడు. నేను కాలువ గట్టు మీద కూలబడి, చెయ్యి చాచి పానా రెండో కొస పట్టుకున్నాను. ఒకే పానాకు చెరో వైపు ఇద్దరం. బోల్టు కిర్రుమంది. ఆ చప్పుడు ఇప్పటికీ తలుపు కీలు కదిలితే నాకు వినిపిస్తుంది.

"వదులుండ్రి మేడం!"

"మధ్యలో గ్యాసుంది భాయ్. ఎంతుందో తెలియదు. నువ్వు విప్పితే ఆ గడ్డ నీ మీదికే వస్తది."

"వస్తదో రాదో మీకు తెల్వదు గదా?"

"తెలియదు."

"మరి? డెమో గాకపోతే ఏమైతదో నాకు తెల్సు. ప్రాజెక్ట్ బంద్, నా కాంట్రాక్ట్ సుత బంద్. మీది పర్మినెంట్ నౌకరీ. మీరు తెల్వదని కూసోవచ్చు. నేను ఎట్ల కూసుంట?"

నేను పానా వదల్లేదు. చేతిలో చెమటకు ఇనుము జారుతోంది. కాసేపటికి ఆయనే వదిలేశాడు. కాలువలోంచి పైకి వచ్చి, నా వైపు చూడకుండా నడిచి, ప్రహరీ గోడ పక్కన నిలబడ్డాడు.

సారు పరుగున వచ్చారు. విషయం చెప్పాను. ఆయన పైపు వైపు, నా వైపు, కమిటీ భోజనం చేస్తున్న గెస్ట్‌హౌస్ వైపు చూశారు.

"రెండు గడ్డలని ఎట్లా అంటున్నారమ్మా? చేతితో ముట్టుకుని చెప్పేస్తారా?"

"ముట్టుకోవడం తప్ప ఇంకో దారి లేదు సార్. మధ్యలో గేజీ లేదు."

"వాళ్లు ఇంకాసేపట్లో వస్తారు. నేనేం చెప్పాలి?"

"ఇటు ఎవరినీ రానివ్వద్దని చెప్పండి సార్."

ఆయన మళ్లీ గెస్ట్‌హౌస్ వైపు చూశారు. అంత పెద్దమనిషి ఎండలో అలా నిలబడి ఉంటే చూడలేకపోయాను. "మీ మాట తప్పయితే?" అన్నారు చివరికి.

"తప్పయితే నేను రాసిస్తాను సార్, ఆపింది నేనేనని."

ఆయన గెస్ట్‌హౌస్ వైపు వెళ్లారు.

అప్పుడే గార్డు తోటకు నీళ్లు పట్టే పైపు లాక్కుంటూ వచ్చాడు. వేడెక్కిందని విన్నాడట, చల్లబరుస్తాడట. నేను అరిచిన అరుపుకు పాపం బిత్తరపోయాడు.

"చల్లటి నీళ్లే మేడం, బోరు నీళ్లు!"

"మనకు చల్లన అన్నా. లోపల కట్టింది మంచు. దానికి అవి వేడినీళ్లే."

ఆ నీళ్లు పడి ఉంటే చల్లటి కొసలు కూడా కరగడం మొదలయ్యేవి. ఎండ ఒక్కటే ఆపాలి. కానీ ఆ పైపు దగ్గరికి ఎవరినీ పంపలేను. రిసర్చ్ అమ్మాయి అంది, "మేడం, షామియానా!" కమిటీ కోసం వేసిన షామియానా తాళ్లు ప్రహరీ గోడ అవతల గుంజలకు కట్టి ఉన్నాయి. గోడ చాటున నిలబడి, ఇటు తాళ్లు వదులు చేసి, అటు తాళ్లు లాగితే గుడ్డ మొత్తం పైపు మీదికి జరుగుతుంది. గార్డు, డ్రైవర్లు, క్యాంటీన్ వాళ్లు కలిసి లాగారు. రంగురంగుల పూలున్న ఆ గుడ్డ కిందికి వంగి, పైపు మీద నీడ పరిచింది. క్యాంటీన్ పొయ్యి ఆర్పించాను. బజ్జీలు సగం వేగి నూనెలో ఉండిపోయాయి. బండ్లు ఎవరూ స్టార్ట్ చేయకూడదని గార్డును గేటు దగ్గర నిలబెట్టాను.

ఆ తర్వాత ఆగాం. ఊరికే ఆగడమే. చేసే పని ఉన్నప్పుడు భయానికి మనల్ని పట్టుకునే తీరిక ఉండదు. ఆగినప్పుడు అది వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. షామియానా నీడలో పైపు మామూలుగా, అమాయకంగా ఉంది. ఇదంతా నా భ్రమేమో అనిపించింది. ఒక్క నిమిషం భ్రమ అయితే బాగుండునని, మరుక్షణం కాకపోతే బాగుండునని. భ్రమ అయితే ముగ్గురి అన్నం మీద మన్ను పోసినదాన్ని అవుతాను.

పైపు చల్లబడేంతసేపు ఆగాక, రెండు కొసలకూ సమానమైన ఒత్తిడి ఉండేలా చేసి, ఆ తర్వాత రెండు వైపులా ఒకేసారి, చాలా నెమ్మదిగా దించాలి. ఒక వైపే దించితే గడ్డ తుపాకి గుండే. ముందుగా సిలిండరు నుంచి గ్యాసు పంపి, రెండో షెడ్డు వైపు గేజీని మొదటి దానికి సమానంగా తెచ్చాం. రెండు షెడ్లలోనూ వాల్వులు ఇటుక గోడల వెనకే ఉన్నాయి. ఒకదాని దగ్గర నేను. రెండోదాని దగ్గర ఎవరు? అమ్మాయిని పంపడానికి మనసు ఒప్పలేదు. నేను అడగకముందే భాయ్ రెండో షెడ్డు వైపు నడిచాడు. కోపంతోనే నడిచాడు. ఫోన్లు చెవులకు పెట్టుకున్నాం.

"జెర తిప్పు భాయ్. జెర అంటే జెరనే."

"తిప్పిన."

"ముల్లు?"

"దిగుతున్నది మేడం. మీది?"

"దిగుతోంది. ఆగు. ఇప్పుడు మళ్లీ కొంచెం."

ఇలా ఎంతసేపు సాగిందో గుర్తులేదు. నా వేళ్లు వాల్వు చక్రానికి అతుక్కుపోయాయి. చెవి దగ్గర ఆయన ఊపిరి వినిపిస్తోంది. మధ్యలో ఒకసారి, "మేడం, రంజాన్ రోజాలున్నప్పుడు గూడ ఇంత నీళ్ల దూప ఎన్నడు గాలే," అన్నాడు. నవ్వబోయాను. నవ్వు రాలేదు.

ధన్‌మని ఒక్కటే చప్పుడు. నేల అదిరింది. రేకుల మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ఆ వెంటనే బుస్సుమని గ్యాసు బయటికి తన్నుకొస్తున్న మోత, కుళ్లిన క్యాబేజీ వాసన.

"భాయ్?"

ఫోనులో మోత తప్ప ఏమీ లేదు.

"భాయ్! భాయ్!"

"ఉన్న మేడం." కాస్త ఆగి మళ్లీ అన్నాడు. "జిందా ఉన్న."

గ్యాసంతా పోయి, గాలి తేటపడ్డాక వెళ్లి చూశాం. కాలువ వైపు గడ్డ కదిలి వచ్చి వంపును గుద్దింది. జోడింపు బోల్టులు తెగిపోయాయి. ఇనుప వంపు ఊడి, కాలువ అవతలి సిమెంటు గోడలో పిడికిలంత గుంట చేసి, అడుగున పడి ఉంది. దాని పక్కనే తెల్లటి మంచు ముక్కలు, ఇంకా చిటపటలాడుతూ, బుడగలు కక్కుతూ. భాయ్ ఆ గుంటను చూశాడు. చేత్తో ముట్టుకోబోయి మానుకున్నాడు.

ఇక్కడితో ఆపితే మీరు చప్పట్లు కొడతారని నాకు తెలుసు. కానీ కథ అక్కడ ఆగలేదు.

చప్పుడు విని కమిటీ వచ్చింది. వాళ్లలో ఒక పెద్దాయన చాలా మర్యాదగా అడిగారు. "మొదట్లోనే, ఒత్తిడి పెరగకముందే విప్పేసి ఉంటే ఇది జరిగేది కాదేమో కదా? మీరు ఆగడం వల్లే మధ్యలో ఇంత పెరిగిందేమో?"

షామియానా వేశాక పెరగలేదనే నా నమ్మకం. నమ్మకానికి గేజీ లేదు. భాయ్ పానా పెట్టిన క్షణాన లోపల ఎంతుందో, ఎవరు చెప్పగలరు?

"తెలియదు సర్," అన్నాను.

సారు కళ్లు మూసుకున్నారు. వాళ్లు వెళ్లాక, "తెలియదు అనాల్సిన చోటా అమ్మా అది?" అన్నారు. పద్ధతి ఇంకా పరిపక్వం కాలేదని కమిటీ తేల్చింది. పెద్ద ప్లాంటు రాలేదు. అమ్మాయి అప్పటిదాకా వచ్చిన ఫలితాలతో, పైపులు మూసుకుపోవడం మీదే రెండు అధ్యాయాలు కలిపి థీసిస్ ముగించింది. పెళ్లీ చేసుకుంది. మా తర్వాత అలాంటి పైపులన్నిటికీ మధ్యలో గేజీలు పెట్టడం మొదలుపెట్టారు. భాయ్ కాంట్రాక్టు ఆ ఏడు పొడిగించలేదు. నేను రెండు చోట్ల మాట్లాడాను, కుదరలేదు.

సారు వీడ్కోలు సభలో దండలు, శాలువాలు అయ్యాక నన్ను పక్కకు పిలిచారు. "ఆ రోజు గెస్ట్‌హౌస్‌కు నడుస్తూ దేవుడికి దండం పెట్టుకున్నాను. మీ మాట తప్పు కావాలని. అప్పటిదాకా ఆ కాలువలో ఒక మనిషి ఉన్నాడన్నది నాకు తర్వాతే గుర్తొచ్చింది," అన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

భాయ్‌ను కలవడానికి మాత్రం చాలా నెలలు ధైర్యం చాలలేదు. రెజిమెంటల్ బజార్ మీదుగా వెళ్లాల్సి వస్తే ఆటోవాణ్ని వేరే దారిన పొమ్మనేదాన్ని. చివరికి ఒక రోజు దిగాను. ఇరుకు సందులో దుకాణం. అన్నదమ్ములిద్దరూ లేత్ మీద ఉన్నారు. గడప దగ్గర ఇద్దరు ముగ్గురు గిరాకీలు నిలబడ్డారు. నన్ను చూసి భాయ్ మిషను ఆపాడు. గడ్డం నెరిసింది. కాస్త చిక్కాడు.

"ఎట్లున్నవ్ భాయ్?"

"గిట్లున్న మేడం." ఇనుప రజను అంటిన చేతులను గుడ్డకు తుడుచుకున్నాడు. "నిజం చెప్తున్న, మీ మీద మస్తు కోపమొచ్చింది. చానా రోజులు. ఇంట్ల తక్లీఫ్ అయింది. తమ్మునికి బరువైన."

"తెలుసు," అన్నాను.

"గా గోడల గుంట సుత యాదికొస్తది. కోపమొచ్చినప్పుడల్లా అదే యాదికొస్తది. కోపాన్ని పూరాగ రానియ్యది." ఆయన విసుగ్గా తల ఊపాడు, ఎవరో తన సొమ్ములో సగమే ఇచ్చినట్టు.

వెళ్లిపోదామా అనుకుంటుండగా గిరాకీల్లో ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "ఎవరు భాయ్ ఈమె?" అని అడిగాడు.

భాయ్ ఒక స్టూలు లాగి, దాని మీది ఇనుప పొట్టు దులిపి నా ముందు వేశాడు.

"నా నౌకరీ తీసిన మేడం," అన్నాడు. తర్వాత ఎదురుగా ఉన్న హోటలు వైపు తిరిగి గట్టిగా కేకేశాడు. "ఒక చాయ్ పంపుండ్రి. పెద్ద గ్లాసుల!"